బొట్టు కింద దీపం

నవంబరు 3, సోమవారం

ఈ ఉదయం మర్రిపాడు దాటగానే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. చిన్న ఇంజను బొమ్మ. చూడ్డానికి కుళాయి బిగించిన నీళ్ళతొట్టిలా ఉంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి హైస్కూలుకు ఈ బండి తోలుకుని వెళ్ళడం మొదలుపెట్టిన జూన్ నుంచి దీన్ని ఎప్పుడూ చూడలేదు. బడి దగ్గర ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఉంది. నేను దానివైపు చూడ్డం మానేస్తే అది నావైపు చూడ్డం మొదలుపెట్టింది.

కారణం నాకు తెలుసు. నిన్న సమాధుల పండుగ. మా మరిది సుధీర్ సమాధి దగ్గర కొవ్వొత్తులు పెట్టి వచ్చాక, మా ఆయన ఎవరూ అడగకుండానే బకెట్టూ గుడ్డా పట్టుకుని బండి కడిగారు. తాగిన కాఫీ గ్లాసు సింకు దాకా తీసుకెళ్ళని మనిషి! బానెట్ కూడా ఎత్తినట్టున్నారు, దబ్బుమని మూసిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. పోయకూడని చోట నీళ్ళు పోసి ఉంటారు. ఆరితే దీపమూ ఆరుతుంది.

అడగను. అడిగితే ఏమైందంటారు. ఏమైందంటే చెప్పాలి. చెప్తే బండి పోతుంది. ఒప్పందం అలాంటిది: క్రిస్మస్ లోపల బండికి ఏ చిన్న రిపేరు వచ్చినా ఆయన స్నేహితుడు చంద్రమోహన్‌కు అమ్మేసి నేను మళ్ళీ బస్సెక్కాలి. ఏమీ రాకపోతే బండి నాది, ఇక ఆయన ఆ మాటే ఎత్తకూడదు. జూన్‌లో గొప్పకు పోయి నేనే చెయ్యి కలిపాను.

రేపటికి ఆరిపోతుంది.

నవంబరు 4

ఆరలేదు.

నవంబరు 5, బుధవారం

చైత్ర కనిపెట్టేసింది. మా ఇంగ్లీషు టీచరు, చిన్నపిల్ల, ముందు సీటు ఆమెది. వెనక సీటు సోషల్ మాస్టారు మల్లికార్జున గారిది, ఆయన నిమ్మకాయల సంచిది. ఆయనకు నిమ్మతోట ఉంది. బడిలో అందరికీ నిమ్మకాయలు పంచుతారు, వద్దన్నవాళ్ళకు రెండెక్కువ ఇస్తారు.

"మేడం, ఈ బొమ్మ ఏంది మేడం, రెండు దినాల నుంచి వెలగతా ఉండాది?"

"అదా? ఇంజను పని చేస్తా ఉండాదని గుర్తు."

ఇది ఒక ఫిజికల్ సైన్సు టీచరు నోటి నుంచి వచ్చిన వాక్యం. చైత్ర నమ్మలేదు, ఫోన్ తీసింది. "ఇంజన్లో ఏదో ప్రాబ్లం ఉంటే వస్తాదంట మేడం. వెంటనే మెకానిక్కుకి చూపించమంటుండారు."

"ఫోన్లో జలుబని కొట్టినా ఐసీయూ దాకా తీసకపోతాది లేమ్మా," అన్నారు వెనక నుంచి మల్లికార్జున గారు. "బండి పోతా ఉండాది గదా, పోనీ."

నాకు ఆయన మీద హఠాత్తుగా గౌరవం కలిగింది.

సంగతంతా చెప్పాక చైత్ర కాసేపు ఆలోచించి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. ఎర్రటి గుండ్రటి పెద్ద బిళ్ళ ఒకటి ఊడబీకి, సరిగ్గా ఆ దీపం మీద అతికించింది. "సారు రోజూ కిటికీలోంచి తొంగి చూస్తారంటిరే. ఇంక చూసుకోమనండి."

పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన బండి. మా చర్చి పెద్ద, డీకన్ డేవిడ్‌రాజు గారి భార్య బండి. ఇప్పుడది బొట్టు పెట్టుకుంది. నేను పెళ్ళిలో కూడా పెట్టుకోలేదు.

నవంబరు 7

బండిలో ఏసీ వేస్తే నిమ్మకాయ వాసన వస్తోంది. చైత్ర ఏం పర్‌ఫ్యూమ్ మేడం అని అడిగింది. మల్లికార్జున గారి సంచి పర్‌ఫ్యూమ్ అన్నాను. సంచి ఈ రోజు తేలేదే అన్నారాయన. అన్ని నెలలు మోసిన వాసన ఒక్క రోజుకు పోతుందా?

దీపం సంగతి తెలియదు. బొట్టు తీసి చూడలేదు.

నవంబరు 8, రెండో శనివారం

ఆఫీసు లేకపోయినా ఆయన సోమశిల వెళ్ళొచ్చారు. శనివారం చేపలు తేకపోతే ఆయనకు వారం పూర్తవదు. ప్రాజెక్టు ఆఫీసులో ఉద్యోగం మొదలైనప్పటి నుంచీ అంతే. సంచి మూతికి నీలం రంగు వల దారం, దాని మీద ఆయన ముడి. ఆ ముడి విప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ప్రతి శనివారం కత్తెరతో కోస్తాను, కోసేటప్పుడు ప్రతిసారీ తిడతాను.

"చంద్రమోహన్ ఫోన్ చేసినాడు," అన్నారు, నేను చేపలు కడుగుతుండగా. "బండి ఎట్టా ఉండాదని అడిగినాడు."

"బంగారంలా ఉండాదని చెప్పండి."

"శబ్దం ఏమన్నా వస్తా ఉండాదా?"

"నా శబ్దం తప్ప ఏమీ లేదు."

ఆయన నవ్వలేదు. నా బండిలో ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను తోలడం ఆయనకు నచ్చదు. నలభై ఏడేళ్ళకు స్టీరింగ్ పట్టుకున్న ఆడది అని నలుగురూ అంటారని కాబోలు. ఖర్చు, ఖర్చు అంటారు కానీ అసలు సంగతి అదే. నాకు తెలియదా!

నవంబరు 9, ఆదివారం

ఆత్మకూరులో నేను నమ్మే మెకానిక్ ఒక్కడే, వెంగయ్య. ఆ ఒక్కడూ చర్చిలో మా ఆయన పక్కనే కూర్చుంటాడు. అతని కడుపులో మాట బెంచీ చివరిదాకా కూడా ఆగదు.

పైగా ఆ ఇద్దరి మధ్య ఒక పాత కథ ఉంది. మూడేళ్ళ కిందట వెంగయ్య తన షెడ్డు గుమ్మానికి నిమ్మకాయా ఏడు పచ్చిమిరపకాయలూ కట్టాడని డీకన్ గారు సంఘంలో పెట్టి నిలదీశారు. "నేను కట్టలేదు సార్, గిరాకీలు కడతారు," అన్నాడు వెంగయ్య. "తియ్యాల్సింది నువ్వు గదా," అన్నారు ఈయన. స్టూలెక్కి తనే తెంపారు కూడా. అప్పటి నుంచి వెంగయ్య మా ఆయన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి చూపిస్తాడు, ఏమీ లేదన్నట్టు.

ఈ రోజు ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "వందనాలు సారా టీచరమ్మా. బండి ఎట్టుండాది?"

"చాలా బాగుండాది."

చర్చి ఆవరణలో నిలబడి చెప్పాను. ప్రభువు విన్నాడు. బండి బాగుందన్నాను గానీ దీపం వెలగడం లేదని అనలేదు కదా.

నవంబరు 11

పదో తరగతికి విద్యుత్ వలయాలు చెప్పాను. బల్బు వెలగకపోతే ముందుగా ఏం చూడాలి? వదులు కనెక్షన్ చూడాలి. ఊహించకూడదు, తెరిచి చూడాలి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: తెరిచి చూడాలి.

సాయంత్రం బండెక్కి బొట్టు మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను.

నవంబరు 12

దీపం కూడా ఒక అలంకారమే అనుకుంటే సరిపోతుంది.

నవంబరు 14, శుక్రవారం

ఈ రోజు భయపడ్డాను.

వాన. ఉదయగిరి నుంచి తిరిగొస్తుంటే గతుకుల దగ్గర బండి వెక్కిళ్ళు పట్టినట్టు రెండుసార్లు ఊగి, లాగడం మానేసింది. వెనక లారీ. మల్లికార్జున గారు మొదటిసారి "మేడం!" అని అరిచారు. చైత్ర నా చెయ్యి పట్టుకుంది, గేరు మార్చాల్సిన చెయ్యే. పక్కకు దించేసరికి లారీ హారన్ మోగించుకుంటూ నీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది. తర్వాత బండి ఏమీ ఎరగనట్టు మామూలుగానే కదిలింది.

చైత్ర దిగేటప్పుడు చెప్పింది. "మేడం, నేను పెట్టిన బొట్టు తీసేయండి. ఎవరికన్నా చూపించండి. మీ బండి లేకపోతే బస్సులో పోదాం, ఏముండాది."

ఏముండాది! ఆమెకు తెలియదు. పదకొండేళ్ళు ఆ బస్సుల్లో ఒంటికాలి మీద వెళ్ళాను. స్టాండులో గంటలు గంటలు నిలబడ్డాను. ఎక్కువగా నిలబడే ఉద్యోగం చేసి, నిలబడే ఇంటికొచ్చాను. జూన్‌లో మొదటిరోజు తాళం తిప్పి, నాకు కావలసినప్పుడు కదిలాను. ఉదయగిరి కొండ అద్దంలో నిండుగా కనిపించింది. అన్నేళ్ళూ అది నాకు ఎవరి భుజం మీద నుంచో ముక్కలు ముక్కలుగా కనబడేది. ఆ రోజు బండి తోలుతూ పాడుకున్నాను, పక్కన మనుషులున్నారని కూడా చూసుకోకుండా.

మా వీధి మలుపు దగ్గర ఆయన ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు, గొడుగేసుకుని. రోజూ అక్కడ టీకొట్టు మనిషితో మాట్లాడుతున్నట్టు నిలబడతారు. నేను మలుపు ఎలా తిప్పుతానో చూసి, తప్పు పట్టాలని. ఈ రోజు వానకు టీకొట్టు మూసే ఉంది.

చెప్పేద్దామనుకుని లోపలికి వచ్చాను. చెప్పలేదు.

నవంబరు 16, ఆదివారం

గొడవ. చంద్రమోహన్ వచ్చే ఆదివారం బండి చూడ్డానికి వస్తాడట. వచ్చేదీ రానిదీ నన్ను అడగలేదు.

"క్రిస్మస్ దాకా అన్నారు గదా!"

"చూసి పోతాడు. చూస్తే ఏమైతాది?"

"చూడ్డానికి ఇదేమన్నా పెళ్ళికూతురా?"

"నువ్వు ఆ రోడ్డు మీద పోతావుంటే నాకు ఆఫీసులో పని జరగతల్లేదు సారా."

"అయితే పని నేర్చుకోండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు.

సుధీర్ గురించి ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను. రాయను. సంగం దగ్గర మలుపులో బైకు మీద పోయాడు, అంతే. నేను సంగం వైపు బండి తోలనని ఆయనకు మాటిచ్చాను, నిలబెట్టుకుంటున్నాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటి? అది బైకు. ఇది కారు. అది ఆ రోడ్డు, ఇది ఈ రోడ్డు.

నవంబరు 18, మంగళవారం

ధైర్యం చేసి సాయంత్రం వెంగయ్య షెడ్డుకు వెళ్ళాను. ఏమైతే అదవుతుంది, మనుషులను ఎక్కించుకుని తిరుగుతున్నాను, ఇక దాచకూడదు అనుకున్నాను.

షెడ్డు ముందు మా ఆయన బైకు! లోపల ఆయనా వెంగయ్యా తలకాయలు దగ్గరపెట్టి గుసగుసలు. వెంగయ్య ఏదో చేతులు తిప్పి చూపిస్తున్నాడు, ఈయన బుద్ధిగా తల ఊపుతున్నారు. బండికి ఎంత పలుకుతుందో బేరం చూసుకుంటున్నారన్నమాట. నేను ఆగకుండా ముందుకు పోనిచ్చి, ఊరంతా చుట్టి ఇంటికొచ్చాను.

కోపంలో చాలా బాగా తోలాను.

నవంబరు 20, గురువారం

ఆరిపోయింది!!

పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు బొట్టు ఒక పక్క కొంచెం లేచి ఉంది. దాని కింద పసుపు లేదు. గోటితో ఎత్తి చూశాను. చీకటి. బడి దగ్గర ఆపి మళ్ళీ వేశాను. చీకటి. వచ్చేటప్పుడు గతుకుల మీద కావాలనే పోనిచ్చాను. బండి ఊగింది గానీ దీపం రాలేదు.

చైత్ర చప్పట్లు కొట్టింది. మల్లికార్జున గారు నిమ్మకాయలు ఇచ్చారు. దానంతటదే వచ్చింది, దానంతటదే పోయింది. రిపేరు అంటే ఎవరో బాగుచేయాలి. ఎవరూ బాగుచేయలేదు కాబట్టి ఇది రిపేరు కిందకు రాదు. రా చంద్రమోహన్, రా, చూసుకుని పో.

బొట్టు తీయబుద్ధి కాలేదు. బండికి నప్పింది.

నవంబరు 22, శనివారం

ఇప్పుడు రాసేదంతా వరసగా రాయాలి.

బడి నుంచి వచ్చాక, రేపు చంద్రమోహన్ వస్తాడని బండి తుడిచాను. అద్దం తుడిచే నీళ్ళు అయిపోయాయి, పోద్దామని బానెట్ ఎత్తాను. జూన్ నుంచి నేను బానెట్ ఎత్తడం ఇదే మొదటిసారి. తెరిచి చూడాలి అని పిల్లలకు చెప్పేదాన్ని.

ఒక పక్కన, వైర్ల కట్టకు ఏదో వేలాడుతోంది. ఎండి గోధుమరంగుకు తిరిగిన నిమ్మకాయ. దానికి అటూ ఇటూ ఎండుమిర్చి అయిపోయిన పచ్చిమిరపకాయలు, ఏడు. వైర్ల కట్ట చివర ప్లగ్ కొంచెం బయటికి వచ్చి ఉంది. వేలితో నొక్కితే టక్కుమని కూర్చుంది.

సైన్సు టీచర్ని కాబట్టి మొదట సైన్సే తట్టింది. పచ్చి నిమ్మకాయ బరువుకు గతుకుల్లో వైరు ఊగింది, ప్లగ్ వదులైంది, దీపం వెలిగింది. ఇంజను వేడికి కాయ ఎండి తేలికైపోయింది, ఊగడం మానేసింది, దీపం ఆరింది. ఏసీలో వచ్చిన వాసన కూడా మల్లికార్జున గారిది కాదు పాపం.

ఎవరు కట్టారా అని తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు దారం చూశాను. నీలం వల దారం. ఎవరూ విప్పలేని ఆ ముడి.

కత్తెర తెచ్చి కోశాను. దాన్ని చేతిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయన చేపల సంచితో వచ్చారు. సంచి పక్కన పెట్టాను దీన్ని. రెండు ముడులూ పక్కపక్కన.

ఆయన రెంటినీ మార్చి మార్చి చూశారు. ఆఖరికి, "వెంగయ్య చెప్పినాడా?" అన్నారు.

"మీ ముడి చెప్పింది. ఏమండీ డీకన్ గారూ, మంగళవారం వెంగయ్య దగ్గర మీకేం పని?"

"ఎన్నాళ్ళకొకసారి మార్చాలో అడగను పోయినా."

నవ్వాగలేదు నాకు. ఆయన షర్టు జేబులోంచి ఇంకొకటి తీశారు. పచ్చటిది, నిగనిగలాడుతోంది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"నవ్వబాక," అన్నారు. "సుధీర్‌గాడు కొత్త బైకు కొన్నప్పుడు వాడి స్నేహితులు ఇట్టాంటిదే కట్టినారు. నేనే తెంపి కాలవలో పారేసినా. డీకన్ తమ్ముడి బండికి నిమ్మకాయ ఏందిరా అని. ఆ వారమే గదా వాడు పోయింది."

నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"దానివల్ల కాదు. నాకు తెలుసు. నాకు దీని మీద నమ్మకం లేదు సారా. భయం ఉండాది. సమాధి కాడ కొవ్వొత్తి పెడతా వుంటే నీ బండే గుర్తుకొచ్చింది, ఇంటికి రాంగానే కట్టినా. నువ్వు మలుపు తిరిగి వీధిలోకి వచ్చిందాకా నాకు ఊపిరి ఆడదు."

ఏడ్చాను. రాసుకోడానికి సిగ్గేం లేదు, బాగా ఏడ్చాను. మలుపు దగ్గర గొడుగేసుకుని నిలబడిన మనిషిని నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నాను! ఖర్చు అనేవారు, నేను పరువు అనుకునేదాన్ని. పిచ్చిదాన్ని. ఆయన అంతకంటే పిచ్చివారు. నన్ను కాపాడాలని కట్టిన కాయే లారీ ముందు బండి ఆపింది.

ఆ మాట చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పాను. దీపం, బొట్టు, లారీ, అన్నీ. లారీ దగ్గర ఆయన ముఖం తెల్లబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

కొంచెం తేరుకున్నాక ఆయనలోని డీకన్ గారు తిరిగొచ్చారు. "అయితే దీపం వెలిగినట్టే గదా? ఒప్పందం ప్రకారం..."

"అది మీరు తెచ్చిపెట్టిన రిపేరు. లెక్కలోకి రాదు."

"రేపు చంద్రమోహన్‌కి ఏం చెప్పేది?"

"పిలిచింది మీరు. మీరే చెప్పండి."

చేపల పులుసు కొంచెం మాడింది. ఇద్దరం వంక పెట్టకుండా తిన్నాం.

నవంబరు 23, ఆదివారం

పొద్దున్నే బానెట్ ఎత్తి కొత్త నిమ్మకాయ నేనే కట్టాను. వైర్లకు దూరంగా, పక్కనున్న ఇనుప కడ్డీకి, ఊగకుండా. ఆయన టార్చ్ పట్టుకున్నారు. నాకు నమ్మకం లేదు. ఆయనకూ లేదు. అయినా ఎండలో నిలబడి ఇద్దరం కట్టాం. ముడి మాత్రం నాది, లాగితే ఊడి వచ్చేది.

చర్చిలో వెంగయ్య ఎప్పటిలాగే రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. మా ఆయన పాటల పుస్తకంలో తల దూర్చారు.

మధ్యాహ్నం చంద్రమోహన్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, "ఎంతకిస్తావురా?" అన్నాడు.

"అమ్మేది లేదురా," అన్నారు మా ఆయన. "మా ఆమె బడికి పోవాల."

"మరి నన్నెందుకు రమ్మన్నావు?"

"చేపల పులుసు ఉండాది. తినిపో."

అతను తిని వెళ్ళాక ఆయన చెప్పులేసుకుని, నేను అడగకుండానే ముందు సీటు తలుపు తీసి కూర్చున్నారు. జూన్ నుంచి మొదటిసారి. బెల్టు పెట్టుకోవడం రాలేదు, నేనే పెట్టాను.

"యాడికి?"

"సంగం దాకా పోయొద్దాం."

నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నారు. స్టార్ట్ చేశాను.

దారి పొడుగునా ఆయన తలుపు పైన పిడి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఆ మలుపు వచ్చింది. నేను నెమ్మదిగా తిప్పాను. ఇంకే మలుపూ అంత జాగ్రత్తగా తిప్పలేదు. మలుపు వెనకపడింది, రెండు పక్కలా వరినాట్లు, దూరంగా బ్యారేజీ. అప్పుడు పిడి వదిలేశారు.

"బాగానే తోలతావే," అన్నారు.

బ్యారేజీ దగ్గర ఆపాను. పెన్నలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆయన చాలాసేపు అటే చూసి, తర్వాత లోపలికి తిరిగి డాష్‌బోర్డు మీది ఎర్రబిళ్ళను చూశారు. దాని కింద ఏ దీపమూ లేదు.

"ఇదేనా ఆ బొట్టు?"

"తీసేస్తాలెండి."

బిళ్ళ ఒక పక్క లేచి, ఊడిపోయేటట్టుంది. ఆయన బొటనవేలు తడిచేసుకుని, దాన్ని గట్టిగా అదిమి అతికించారు.